ఉమ్మి ఇంకిన నోటి ఫిర్యాదు

చోడవరం

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు, వడ్డాది వాస్తవ్యురాలు, పెళ్ళి వంటల మేస్త్రి కర్రి మంగాయమ్మ దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రేడియో అయోడిన్ వైద్యం వలన నోటిలో ఉమ్మి, నాలుకకు రుచి, చేతిలో పని పోవుట గురించి, బాధ్యుడైన డాక్టరుపై కఠిన చర్య కోరుట గురించి.

1. నేను కాపురానికి వచ్చిన నాటి నుండి ఈ చుట్టుపక్కల మండలములలో పెళ్ళిళ్ళకు వండుచున్నాను. మా పనిలో ఒక ఆనవాయితీ కలదు. దప్పళమును మేస్త్రి తప్ప మరొకరు రుచి చూడరాదు. నేను అరచేతిలో చుక్క వేసుకుని, నాకి, తలూపిన తరువాతనే గుండిగ దించుదురు. నా తలూపుకు ఎదురు చెప్పినవారు లేరు.

2. థైరాయిడ్‌లో కాన్సర్ గడ్డ ఉన్నదని విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు ఆపరేషను చేసి, ఆపైన రేడియో అయోడిన్ మందు మింగించి, విడిగా గదిలో ఉంచినారు. రోగం తగ్గినది. ఆ మేరకు కృతజ్ఞురాలను. ఆ మేరకు మాత్రమే.

3. ఇంటికి వచ్చిన పిమ్మట ముద్ద నోట పెట్టగానే చెవుల కింద దవడలు ఉబ్బి సలపసాగినవి. మా అత్తగారు నరసమ్మ గారు అవి గవదబిళ్ళలని తేల్చి, తన బంగారు గొలుసు నా మెడలో వేసి, వీధిలోని పిల్లలను నా వైపు రానీయలేదు. గొలుసు బాగున్నది. వాపు మాత్రం తగ్గలేదు. నోరు ఎండిపోయినది. మంచినీళ్ళు లేనిదే మెతుకు దిగదు. ఉప్పేదో పులుపేదో నాలుకకు తెలియుట లేదు.

4. ఆ సంగతి నాకు రావికమతం పెళ్ళిలో గాని పూర్తిగా తెలియలేదు. దప్పళం చప్పగా తోచి ఉప్పు వేసితిని. మళ్ళీ నాకి మళ్ళీ వేసితిని. తలూపితిని. పెళ్ళికొడుకు మేనమామ మొదటి ముద్దకే విస్తరి ముందు నుంచి లేచి, "ఏటర్రా ఇది, పూడిమడక సముద్రం తెచ్చి వడ్డించేరా?" అన్నాడు. పందిరంతా నవ్వింది. నా కింద పనిచేసే సంధ్యారాణిని చాటుకు పిలిచి, అన్నిసార్లు ఉప్పు వేస్తుంటే చెప్పలేదేమే అని నిలదీస్తే, "నువ్వు తలూపీసేవు కదా అత్తా, మరి నానెలా సెప్తాను?" అన్నది. దాని తప్పేమీ లేదు. ఆనాటి నుండి ఈ చుట్టుపక్కల నన్ను వంటకు పిలిచినవారు లేరు.

5. ఆ మందు మింగించిన డాక్టరు వద్దకు పోయి మొర పెట్టుకున్నాను. ఆయన సెల్‌ఫోను చూసుకుంటూనే, "ప్రాణం దక్కింది కదమ్మా, ఉమ్మి గురించి ఏడుస్తారేంటి? కొందరికి అలా అవుతుంది" అన్నారు.

"తెల్సు గదా, మరెందుకు సెప్పలేదు బాబూ?"

"చెప్తే భయపడి మందు మింగరు."

అయ్యా, నేను మింగేదాన్నే. ప్రాణం ఎవరికి చేదు? మింగేసి, రావికమతంలో గరిటె సంధ్యారాణి చేతికిచ్చి, దాని నాలుకతో దప్పళం దించేదాన్ని. నా పేరు నాకు మిగిలేది. ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి రాలేదు. ఆయన నోటినిండా ఉమ్మి ఉంది.

6. కావున సదరు డాక్టరు ఇకపై ఆ మందు మింగించే ముందు ప్రతి రోగికీ ఈ సంగతి చెప్పవలెననియు, శిక్షగా ఒక పూట ఎండు అటుకులు మంచినీళ్ళు లేకుండా నా ఎదుట కూర్చుని తినవలెననియు ఉత్తర్వులు కోరుచున్నాను. నేను పల్లెత్తు మాట అనను. చూస్తాను, అంతే.

ఎండిన నోటితో చేసుకొన్న ఈ మనవిని జాప్యం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కర్రి మంగాయమ్మ

తా.క. ఒక మాట మరిచాను. సదరు డాక్టరు సొంతూరు రోలుగుంట దగ్గరే. వచ్చే నెల అక్కడ ఆయన కూతురికి ఓణీల ఫంక్షను. ఎప్పుడో చుట్టాల పెళ్ళిలో తిన్న దప్పళం ఆయనకింకా గుర్తుందట. వండినావిడ పేరే గుర్తుంది గాని, ఆవిడే తన రోగి అని తెలియదు, సెల్‌ఫోను మీంచి తలెత్తి చూస్తే కదా. "వడ్డాది మంగాయమ్మ సేతి దప్పళవే కావాలన్నారు" అని ఆయన మనిషి పెదబాబు నిన్న విశాఖపట్నం నుంచి వచ్చి చెప్పాడు. రావికమతం సంగతి అంత దూరం పోలేదు కాబోలు. ఒప్పుకున్నాను. ఈలోగా తమ ఉత్తర్వు వస్తే గరిటె సంధ్యారాణికిస్తాను. రాకపోతే ఆనవాయితీ ప్రకారం నేనే రుచి చూసి తలూపుతాను.