దోసిట్లో పోసిన నీళ్ళు

ఇబ్రహీంపట్నం, 1948 కార్తీకం, గురువారం

హైస్కూలు పిల్లలకు అఫ్గానుల సంగతులు చెప్పించాలని, అక్కడే పంతులుగా చేస్తున్న మావారు ఇంగువ అమ్మే పఠాన్ తాతను మా అరుగు మీదికి పిలిచారు.

"మా అఫ్గాన్ ముల్కుల దుష్మన్ వచ్చినా ముందుగాల రొట్టె పెడ్తం, పేరు తర్వాత అడుగుతం" అన్నాడు తాత. పిల్లలు కదలకుండా విన్నారు.

చెప్పి చెప్పి గొంతెండి, "బేటీ, జర నీళ్ళియ్యి" అన్నాడు. నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చినప్పటి నుంచి ఊళ్ళో తురకలతో మాట్లాడితేనే గుసగుసలు. ఎదురింటావిడ చూస్తోంది. గ్లాసు లోపలే ఉంచి, దూరంగా నిలబడి చెంబుతో ఆయన దోసిట్లో పోశాను.

"సార్, మన తాన గిట్లనేనా?" అని ఒక పిల్ల అడిగింది. మావారు నా చేతిలోని చెంబు వైపు చూశారు.

"కొత్త మనిషిని జూసి బేటీ భయపడ్డది, గంతే" అన్నాడు తాత.

నేను భయపడింది ఆయనకు కాదు. అది తెలిసీ ఆయన మాట చాటున దాక్కున్నాను...