శ్రావణి టీసీ

సార్, మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు పాఠాలు చెప్పిన మా ఊరి బడిలో ఇప్పుడు నేనొక్కదాన్నే టీచర్‌ని. ఉన్నది ఇద్దరే పిల్లలు, అక్కాచెల్లెళ్లు. మిగతావాళ్లంతా పొద్దున్నే హాలియా ప్రైవేటు బడి బస్సెక్కుతారు.

పెద్దది శ్రావణి, నాలుగో తరగతి. ఒకప్పుడు మీరు నన్ను కూర్చోబెట్టినట్టే దాన్నీ రోజూ సాయంత్రం కూర్చోబెట్టి గురుకులం ప్రవేశపరీక్షకు చదివించాను. సీటొచ్చింది. ఫలితం నా ఫోన్‌లో చూసి, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు సార్.

మూడో రోజు వాళ్ల అవ్వ బడికొచ్చింది. "మేడం, పోరి అన్నం తింటలేదు. రిజల్ట్ ఇంకా రాలేదా? జర చూడుండ్రి" అంది. అప్పుడే వచ్చినట్టు ఫోన్ తీసి చూపించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

నన్ను గురుకులానికి బస్సెక్కించి మీరు వెనక్కి వెళ్లేసరికి ఈ వరండా నిండా పిల్లలుండేవాళ్లు. ఇప్పుడు బాగా చదివే పిల్లకు గురుకులం, ఫీజు కట్టగలిగిన ఇంటికి బస్సు. ఊరి బడికి తరగతికో టీచర్‌ని ఇవ్వమని అడిగితే, పిల్లలే లేరు కదా అంటారు. టీచర్లు లేని బడికి పిల్లలెందుకొస్తారు?

ఇవాళ శ్రావణి టీసీ మీద సంతకం పెట్టాను. రేపటి నుంచి బడిలో దాని చెల్లెలూ నేనూ.

అది అక్క కంటే చురుకు సార్. అదే నా భయం.