ముందురోజే పోస్టు చేసిన పరుగు

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. ఈ కార్డు మీద కనిపిస్తున్న వంతెన మీదుగానే ఈ ఉదయం మారథాన్ పరిగెత్తాను. నలభై రెండు కిలోమీటర్లూ పూర్తి చేశాను. ఎండ మాడ్చేసింది. జనం రోడ్డుకి రెండు వైపులా నిలబడి ఒకటే చప్పట్లు. మెడలో పతకం వేశారు. నీ టైలరింగ్ కొట్టు గోడకి ఇది అయిదో కార్డు.

నీ మేనల్లుడు

తా.క. చేతిరాత ఎంత కుదురుగా ఉందో చూశావా? అలసటన్నదే లేదు.

*

చిరంజీవి మేనల్లుడికి,

మేనత్త ఆశీస్సులు. కార్డు అందింది. మిగతా నాలుగింటి పక్కనే, అద్దానికి దగ్గరగా అంటించాను. కొలతలిచ్చేవాళ్ళు చేతులు చాపుకుని నిలబడ్డప్పుడు చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వచ్చినవాళ్ళందరికీ "మావాడే" అని చెబుతున్నాను. ఎదురు కొట్టు లాండ్రీ ఆయనకి మాత్రం రెండేసి సార్లు చెబుతున్నాను.

నాకు తెలియక అడుగుతానూ, బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి అంత దూరం పోవడం ఎందుకురా? జనం ఒక్క అంతస్తు ఎక్కలేక నీ చేత లిఫ్టులు బాగు చేయించుకుంటుంటే, నువ్వేమో సెలవులు పెట్టి ఊరూరా పరిగెడుతున్నావు. సరే, నీ కాళ్ళు, నీ ఇష్టం.

లాండ్రీ ఆయన మాత్రం ఒక పేచీ పెట్టాడు. కార్డు మీద పోస్టాఫీసు ముద్ర శనివారంది. పరుగేమో ఆదివారం జరిగిందని పేపర్లో వేశారు. ఫోటోలో అందరూ వానలో తడిసి ముద్దయి ఉన్నారు. "మీవాడి కంటే మీవాడి కార్డే ముందు పరిగెత్తిందండీ" అని నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చెప్పమంటావు?

ఇట్లు,
నీ మేనత్త

తా.క. పతకం అందరికీ ఇస్తారట కదా. మరి ఓడిపోయేది ఎవరు?

*

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. అందులో మోసమేమీ లేదు. అది నా పద్ధతి. అంత దూరం పరిగెత్తాక వేళ్ళు పెన్ను పట్టుకోవు. పోస్టు డబ్బా దాకా నడిచే ఓపిక అసలే ఉండదు. అందుకని ఊళ్ళో దిగిన సాయంత్రమే కార్డు కొని, జరగబోయేది రాసేసి, పోస్టు చేసి పడుకుంటాను. ఎండ విషయంలో అంచనా తప్పింది. మిగతాదంతా నిజమే అని ఆయనకి గట్టిగా చెప్పు.

నీ మేనల్లుడు

తా.క. ఓడిపోయేవాళ్ళ కోసం వెనకాలే ఒక వ్యాన్ వస్తుంది. సీట్లు మెత్తగా ఉంటాయట. ఎవరో అంటే విన్నాను.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ పద్ధతి నాకు తెగ నచ్చేసింది. నేనూ మొదలుపెట్టాను. లాండ్రీ ఆయన కోటుకని గుడ్డ ఇచ్చి వెళ్ళాడు. కత్తెర ముట్టుకోకముందే చీటీ రాసి పంపించాను: "కోటు ఇచ్చేశాను. అతికినట్టు సరిపోయింది. తమరు అద్దం ముందు మురిసిపోయారు." ఆయన చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "కోటేదండీ?" అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు. కుట్టాక వేళ్ళు నొప్పి పుడతాయి, అందుకే ముందే రాశానని చెప్పాను. ఎందుకో ఆయనకి నచ్చలేదు.

ఇక అసలు సంగతి. వచ్చే పరుగుకి కొట్టు మూసి నేనూ వస్తున్నాను. ముగింపు గీత పక్కనే మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా కళ్ళతో చూసి వచ్చి, ఆయన నోరు మూయిస్తాను.

ఇట్లు,
నీ మేనత్త

తా.క. ఏ లాడ్జిలో దిగుతావో రాయి. చప్పట్లు కొట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాను.

*

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. దయచేసి రాకు. నేను దిగేది బస్టాండ్ ఎదురుగా ఉన్న లాడ్జి. అక్కడ లిఫ్టు పనిచెయ్యదు. ఎండ తగులుతుంది. కుర్చీలు వేసుకోనివ్వరు.

ఇవన్నీ సాకులే అత్తయ్యా. అయిదు ఊళ్ళకి వెళ్ళాను. ఒక్క పరుగూ పూర్తి చెయ్యలేదు. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి మోకాళ్ళు నా మాట వినవు. ఆ వ్యాన్ పక్కనే ఆగి తలుపు తెరుచుకుంటుంది. "రండి సార్, లోపల చల్లటి నీళ్ళున్నాయి" అంటారు. అంత మర్యాదగా పిలిస్తే కాదనలేను.

కార్డు రాసే సాయంత్రం మాత్రం పూర్తి చేస్తాననే అనిపిస్తుంది. అప్పుడది అబద్ధం కాదు. తెల్లారాకే అవుతుంది. నేను గెలిచిన చోటు లోకంలో ఒక్కటే ఉంది, నీ కొట్టు గోడ. దాన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని భయంగా ఉంది. కార్డులు చింపెయ్. ఈసారి వెళ్ళొచ్చి పరుగు మానేస్తాను.

నీ మేనల్లుడు

తా.క. సీట్లు మెత్తగానే ఉంటాయి.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. ఈ కార్డు మీదున్న గడియారపు స్తంభం దగ్గరే కూర్చుని ఇవాళ నీ పరుగు చూశాను. ముందొచ్చినవాళ్ళు పతకాలు వేసుకుని ఇళ్ళకి పోయారు. జనం అడ్డం రాకుండా కట్టిన తాళ్ళు విప్పేశారు. రోడ్డు ఊడ్చేవాళ్ళు వచ్చి నా కుర్చీ జరపమన్నారు. నేను జరపలేదు. అప్పుడొచ్చావు నువ్వు, కుంటుకుంటూ, మొహం పీక్కుపోయి. నీ వెనకాలే ఆ వ్యాన్ ఖాళీగా వచ్చింది. చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. నువ్వు ఏడ్చావు, నేనూ ఏడ్చాను. ఈ కార్డు గోడ మీద ఆరోది. పాతవి చింపలేదు.

ఇట్లు,
నీ మేనత్త

తా.క. ఇది పరుగుకి ముందురోజు సాయంత్రం రాసి, మీ లాడ్జి కౌంటర్‌లో ఇస్తున్నాను. తెల్లారి నువ్వు బూట్లు వేసుకుని కిందికి దిగగానే చేతిలో పెట్టమన్నాను. ఎండో వానో రాయలేదు, చూసుకో. ఇంకో మాట. లాండ్రీ ఆయన కోటు కుట్టి ఇచ్చేశాను. అద్దం ముందు మురిసిపోయాడు కూడా. ముందే రాసేసినవాళ్ళు చెయ్యాల్సిన పని అదే. ఇక నీ వంతు.