ముందే చెప్పిన సాక్ష్యం

జూన్ 2, సోమవారం. ఉదయం 5:10
రాష్ట్ర అవతరణ దినం. నేను కూడా ఈ రోజే కొత్తగా అవతరిస్తున్నాను!

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థవాళ్లు జూనియర్ బయోఇన్ఫర్మాటిక్స్ అనలిస్టు ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచారు. జబ్బులకు కారణమైన జీన్లను కంప్యూటర్లో వెతికే పని. పరీక్ష జూన్ 28న, సూర్యాపేటలో. కావలసిన అర్హతలు:
ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ – ఉంది (బోటనీ, 71 శాతం).
పైథాన్ – లేదు.
లినక్స్ – అదేమిటో తెలియదు.
స్టాటిస్టిక్స్ – లెక్కలకు భయపడే కదా ఇంటర్లో బైపీసీ తీసుకున్నది!

నాలుగింటికి ఒకటి. పర్వాలేదు! ఆన్‌లైన్ కోర్సులో పాఠాలు ఇరవై ఆరు, చేతిలో రోజులు ఇరవై ఆరు. రోజూ ఉదయం ఐదు నుంచి ఏడు దాకా. కోదాడ ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాలుగేళ్లుగా నేను చెప్పేది అదే ఆకు, అదే పత్రహరితం. ఇక చాలు.

జూన్ 3. ఉదయం 6:15
పాఠం 2 ఖతం. పైథాన్ చేత నా పేరు పదిసార్లు రాయించాను. ఉషారాణి, ఉషారాణి, ఉషారాణి... సంతోషం పట్టలేక అమ్మను లేపి చూపించాను.
"గిదేంది, ఇంపొజిషనా?" అంది. అమ్మ అంగన్‌వాడీ టీచరు మరి.

జూన్ 8, ఆదివారం
మిర్గం, మృగశిర కార్తె. నాన్న తెల్లారేసరికే రెండు కిలోల బొచ్చె చేప తెచ్చాడు. "మిర్గం నాడు చేపలు తినకుంట కంప్యూటర్ ముంగట కూసుంటవా?" అన్నాడు. కూర్చోలేదు. పాఠం 7 రేపు.

అసలు సంగతి అది కాదు. చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పే సాక్ష్యానికి అమ్మ లేచింది. నా పరీక్ష కోసం ప్రార్థన చేయమంటుందనుకున్నాను. "మా ఉషకు హైదరాబాదుల నౌకరి వచ్చిందని విశ్వాసంతోని ముందే సాక్ష్యం చెప్తున్న. స్తోత్రం!" అంది. 'విశ్వాసం', 'ముందే', ఈ రెండు మాటలూ ఎవరికీ వినపడలేదు. నౌకరి మాత్రం అందరికీ వినపడింది. బయటికి వచ్చేసరికి పదకొండు మంది చేయి కలిపారు.

"అమ్మా, పరీక్షే కాలేదు గదా!"
"దొరికిందని నమ్మి అడగాలె బిడ్డా. నువ్వు సదువు, మిగిలింది ఆయన సూసుకుంటడు."

నాకు భయం పట్టుకుంది. అమ్మ ఇరవై ఏళ్లుగా ఆ చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. నేను పరీక్ష తప్పితే సంఘం ముందు అమ్మ మాట అబద్ధమవుతుంది.

జూన్ 10. సాయంత్రం 7:20
కాలేజీలో అడ్మిషన్లు తక్కువయ్యాయని మమ్మల్ని ఊళ్లమీదికి పంపారు. నేను, కెమిస్ట్రీ స్వప్న నడిగూడెంలో ఇల్లిల్లూ తిరిగాం. ముప్పై ఎనిమిది ఇళ్లు. దొరికిన పిల్లలు ఇద్దరు. ఒకాయన, "బైపీసీ సదివితే డాక్టరే గదా మేడమ్?" అన్నాడు. డాక్టరే కానక్కర్లేదని బయోఇన్ఫర్మాటిక్స్ గురించి పావుగంట చెప్పాను. "మంచిగనే ఉంది. మరి నీకొచ్చిందా గది?" అన్నాడు. స్వప్న చెట్టుకింద కూర్చుని నవ్వింది.

ఈరోజు పాఠం 9. 'ఫైళ్లు తెరవడంలో జాగ్రత్తలు'. ఫైలు తెరవడానికి కూడా పాఠమా! నాలుగేళ్లుగా పిల్లల మార్కులన్నీ ఎక్సెల్‌లో తెరుస్తున్నదెవరు? స్కిప్.

జూన్ 14
మామిడికాయ తొక్కు పెట్టాం. కారం చేతులతో కీబోర్డు ముట్టకూడదు.

జూన్ 15
చేతులు ఇంకా మండుతున్నాయి. చర్చిలో ఒక ఆంటీ జీతమెంతని అడిగింది. "ఇంకా చెప్పలేదు ఆంటీ" అన్నాను. అబద్ధమేమీ కాదు!

జూన్ 16–19
చిలుకూరు. నడిగూడెం. మళ్లీ చిలుకూరు. కాళ్లు.

జూన్ 20
చూసినవి పది. వదిలింది ఒకటి. మిగిలినవి పదిహేను. రోజులు ఎనిమిది. వీడియో వేగం రెట్టింపు చేసి వింటే అయిపోతుంది!

జూన్ 21
రెట్టింపు వేగంలో కూడా నిద్ర వస్తుంది.

జూన్ 26
మిర్యాలగూడలో స్వప్న వాళ్ల అక్క కొడుకు తొట్టెల ఫంక్షన్, ఉయ్యాలలో వేయడం. పోకపోతే ఏం బాగుంటుంది? లాప్‌టాప్ వెంట తీసుకెళ్లాను. బాబు ఫోటోలు అందరికీ చూపించడానికి పనికొచ్చింది.

జూన్ 28. సాయంత్రం
పరీక్షలో జీన్ల జాబితాలు రెండు ఇచ్చారు. రెండింటిలోనూ ఉన్నవెన్నో ప్రోగ్రాం రాసి చెప్పాలి. ఆ ప్రోగ్రాం నాకొచ్చు! నిజంగా వచ్చు! ముందొకసారి చూద్దామని ఒక జాబితాను ఎక్సెల్‌లో తెరిచాను. అలవాటు కొద్దీ సేవ్ కూడా చేశాను. 'మార్చ్1' అనే జీన్ కాస్తా 'మార్చి 1' అయి కూర్చుంది. 'సెప్ట్2' సెప్టెంబరు రెండైంది. జీన్లు పోయి క్యాలెండరు మిగిలింది. నేను గమనించేసరికి మూడే నిమిషాలున్నాయి.

ఇంటికొచ్చి పాఠం 9 పెట్టాను. మొదటి మాట: "జీన్ల జాబితాను ఎక్సెల్‌లో తెరవకండి, కొన్ని పేర్లు తేదీలుగా మారిపోతాయి." కూర్చుని ఏడ్చాను.

జూలై 5
మెయిలు వచ్చింది. ఎంపిక కాలేదు. అక్టోబరు 11న మళ్లీ పరీక్ష ఉందట. అమ్మ నా కంచంలో ఇంకొంచెం తొక్కు వేసింది. తిడితే బాగుండు.

జూలై 6, ఆదివారం
సాక్ష్యాల వేళ అమ్మ లేవబోయింది. అంతకంటే ముందే నేను లేచాను. చేపలు, తొక్కు, తొట్టెల, తొమ్మిదో పాఠం, అన్నీ చెప్పేశాను. "మా అమ్మ తప్పేం లేదు. చదవనిది నేను."

అప్పుడు అమ్మ లేచింది. "నౌకరి వచ్చుడు నిజమే. మా ఉష జాబితల లెక్కనే నా సాక్ష్యంల గూడ తారీఖు తప్పుపడ్డది. గంతే! స్తోత్రం!"

చర్చి మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా ఆ జీతం ఆంటీ.

జూలై 7, సోమవారం. ఉదయం 5:00
కొత్త నిర్ణయం! రోజులు తొంభై ఆరు, పాఠాలు ఇరవై ఆరు. మొదలు తొమ్మిదితో. అమ్మ పక్కనే కాపలా కూర్చుంది.

5:25. "నా పేరు గూడ రాస్తదా గది?" అంది. ఏసమ్మ, ఏసమ్మ, ఏసమ్మ... పదీ వేలు పెట్టి లెక్కపెట్టుకుని, "నీ నౌకరి ఒక్కసారి వస్తే సాలు, అక్టోబర్ల" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

5:40. వచ్చే ఆదివారం చేపలు తేవాల్నా అని నాన్న అడిగాడు. పరీక్ష అయ్యేదాకా వద్దని ఖచ్చితంగా చెప్పాను.

5:45. బొచ్చె అయితే తెమ్మన్నాను.