కిటికీలో ఎర్ర వెలుగు

తాడేపల్లిగూడెం,
సోమవారం

ప్రియమైన తమ్ముడు దుర్గేష్‌కి,

అక్క ఆశీస్సులు. చేతిలో ఫోనుంటే ఈపాటికి నిన్ను కడిగేద్దును. డాక్టరమ్మ బీపీ చూసి మంచం దిగొద్దందని మీ బావగారు నా ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు. దెయ్యాల సినిమాలు చూసే బీపీ పెరిగిందట! అందుకే ఈ ఉత్తరం. రోజూ ఏలూరు ఆఫీసుకి రైల్లో వచ్చే మనిషేగా, మన పోస్ట్‌మాన్ ఆయనే. కవరు అంటించి ఇస్తున్నాలే, చదవరు.

నీ సినిమా సంగతేంటి? నాలుగు కథలు, నలుగురు డైరెక్టర్లు, అన్నీ ఎవరో తీసి పారేసిన వీడియోలు దొరికినట్టు ఉంటాయన్నావు. నెలాఖరుకి ఏలూరులో షో అట. నాకు చూపించకుండా ఊరందరికీ చూపిస్తావా? పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు, టీవీకి పెట్టుకుని చూస్తాను. బావగారు అడిగితే సీమంతం వీడియో అని చెప్పు.

నాన్న ఎలా ఉన్నారు? నేను అడిగానని మాత్రం అనకు.

నీ మొదటి ప్రేక్షకురాలు,
భవాని అక్క


ఏలూరు,
బుధవారం

ప్రియమైన అక్కకి,

నమస్కారాలు. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. బావగారితో సీమంతం వీడియో అనే చెప్పాను. అది మరీ అబద్ధమేం కాదు, చూశాక తిడుదువుగాని. పగలే చూడు. అత్తయ్యగారు పక్కనుంటే మాత్రం పెట్టకు.

ఇక్కడ నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు. షోకి హైదరాబాద్ నుంచి సినిమాలు కొనే ఆయన వస్తున్నారు. ఆయనకి నచ్చకపోతే ఇక జన్మంతా పెళ్ళి వీడియోలే నాకు గతి.

నాన్న బాగానే ఉన్నారు. పొద్దస్తమానం చేపల చెరువు గట్టు మీదే. నీ పేరెత్తితే ఇప్పటికీ లేచి మేత బస్తాలు సర్దుకుంటారు. బావగారి కులం గురించి అప్పట్లో అరిచిన మనిషి ఇప్పుడు అరవడం కూడా లేదు, అదే నాకు దిగులు. సీమంతానికి రమ్మని ఎంత బతిమాలినా చెరువు వదిలి ఎలా వస్తాననేశారు. నీకు తెలిసిందేగా.

నీ తమ్ముడు,
దుర్గేష్


తాడేపల్లిగూడెం,
శుక్రవారం

ఒరేయ్ దుర్గేష్,

'ప్రియమైన' అని రాయబుద్ధి కావట్లేదు, నువ్వే చేర్చుకో.

ముందు మిగతా మూడింటి సంగతి. చరణ్‌తేజ తీసిన కొల్లేరు పడవ కథలో వాడు మునిగిపోతూ కూడా కెమెరా వదలడేంట్రా? ప్రాణం పోతుంటే ఫోకస్ సరిచేసుకుంటాడా ఎవడైనా? నల్లజర్ల రైస్‌మిల్లు కథంతా చీకట్లో కెమెరా ఊగడమే, నాకు కడుపులో తిప్పింది. దేవరాజు హాస్టల్ కథ నయం, కాస్త ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే దెయ్యం కాళ్ళకి హవాయి చెప్పులు!

నాలుగోది నీది. నా సీమంతం! కడుపుతో ఉన్నదాన్ని, మాటమాత్రం చెప్పకుండా దెయ్యాల సినిమాలో కూర్చోబెడతావా? నీకసలు బుద్ధుందా? అద్దంలో నువ్వు పెట్టిన తెల్లచీర దెయ్యానికి నవ్వొచ్చింది. కానీ కరెంటు పోయినప్పుడు, నా వెనక కిటికీలో ఉన్నదేంటి? నెత్తిన ముసుగేసుకుని ఎవరో నిలబడ్డారు. చేతిలో ఎర్రగా ఏదో వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. అది నావైపే చూస్తోందిరా.

ఆ కిటికీ మూయించేశాను. అయినా అటు తల తిప్పాలంటే భయమేస్తోంది. ఈ పొద్దున బీపీ ఇంకా పెరిగింది. ఇలాగే ఉంటే నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డని తీయాలంటోంది డాక్టరమ్మ. అక్కడ ఎవర్ని నిలబెట్టావో, ఆ వెలుగు ఎలా పెట్టావో వెంటనే రాయి. తెలిస్తే నా గుండె కుదుటపడుతుంది.

భవాని


ఏలూరు,
శనివారం

ప్రియమైన అక్కా,

నీకు చెప్పకుండా వాడుకోవడం తప్పే, నన్ను క్షమించు. నీ భయం తీరడానికి ఏదో ఒక అబద్ధం రాద్దామని కూర్చున్నాను, చేతకాలేదు.

ఆ కిటికీలో నేనేమీ పెట్టలేదక్కా. కరెంటు పోగానే కెమెరా స్టాండు మీదే వదిలేసి ఎమర్జెన్సీ లైటు కోసం బజారుకి పరిగెత్తాను. అది దానంతటది తీస్తూ ఉంది. చీకటి బాగా కుదిరిందని అలాగే వాడేశాను. మొన్న పెద్ద తెర మీద వేసుకున్నప్పుడే మేమూ గమనించాం. నా అద్దం దెయ్యానికి అందరూ నవ్వారు. కిటికీ దగ్గరికొచ్చేసరికి దేవరాజు లేచి లైటు వేసేశాడు. మొత్తం సినిమాలో భయపెట్టేది అదొక్కటేనని, పోస్టర్ మీద అదే వేద్దామని చరణ్‌తేజ గొడవ.

నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను. ముందు బావగారికి చెప్పు, దొంగో ఎవడో. నిజం చెప్పొద్దూ, నాకూ భయంగానే ఉంది.

దుర్గేష్


తాడేపల్లిగూడెం,
మంగళవారం

ప్రియమైన తమ్ముడికి,

అక్షరాలు అలుక్కుపోయాయని కంగారుపడకు. ఏడుస్తూ రాస్తున్నాను గానీ బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం చదివాక ఉండబట్టలేక అత్తయ్యకి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ నా పక్కనే కూర్చుని టీవీ పెట్టమన్నారు. కిటికీ రాగానే, "అమ్మాయ్, ఆ రోజు ఎవరిదో స్టీలు డబ్బా దొరికింది ఆ కిటికీ దగ్గరే కదూ?" అన్నారు. అందులో చలిమిడి ఉందట. పేరంటానికొచ్చిన వాళ్ళెవరో మర్చిపోయారని వీధంతా వాకబు చేశారట. ఎవరూ మాది అనకపోయేసరికి, చలిమిడి పనిమనిషికిచ్చి డబ్బా అటక మీద పెట్టారట. దింపించి చూశాను. మూత మీద పేరు చెక్కి ఉంది. వెంకటనరసమ్మ. మన అమ్మ పేరు.

అప్పుడు మళ్ళీ చూశాన్రా ఆ కిటికీ.

నువ్వు హాస్టల్లో పెరిగావు, నీకు తెలీదు. తెల్లారకముందే నాన్న వెంట చెరువు చూడ్డానికి నేను వెళ్ళేదాన్ని. నెత్తిన తువ్వాలు కప్పుకుని, టార్చిలైటు మీద అరచెయ్యి అడ్డం పెట్టేవారు. వెలుగు వేళ్ళలోంచి ఎర్రగా వచ్చేది. కాస్త వదిలేవారు, మళ్ళీ మూసేవారు. ఎందుకు నాన్నా అంటే, "సూటిగా వేస్తే బెదిరిపోతాయమ్మా. బాగున్నాయో లేదో చూసుకుంటే చాలు మనకి" అనేవారు.

నాన్న పెదపాడులో చెరువు వదిలి వచ్చి, గుమ్మం తొక్కలేక, నన్ను అలా చూసుకుని వెళ్ళిపోయారు. పుట్టింటి చలిమిడి తేవడానికి అమ్మ లేదుగా. బియ్యం నానబోసి, దంచి, పాకం పట్టి, అంతా ఆయనే చేసుకుని ఉంటారు. ఉండలు కట్టిందని అత్తయ్య అంటుంటే నా ఏడుపు ఆగలేదు. నాకు ఒక్క ముద్దైనా దక్కలేదురా.

ఆ ముక్క సినిమాలోంచి తీసెయ్యి. కొనే ఆయన వద్దంటే వద్దననీ, నీ దెయ్యానికి జనం నవ్వితే నవ్వనీ. మన నాన్నని చూసి ఎవరూ జడుసుకోకూడదు.

డబ్బా బావగారితో పంపుతున్నాను. ఖాళీగా పంపకూడదని అత్తయ్య సున్నుండలు పెట్టారు. నువ్వే చెరువు దగ్గరికి తీసుకెళ్ళు. నాన్న లేచి మేత బస్తాల వైపు వెళ్తే నువ్వూ వెనకే వెళ్ళి చెప్పు. ఈసారి వీధి గుమ్మంలోంచి రమ్మను. టార్చి మీద చెయ్యి తీసేసి రమ్మను. నేను బెదరనని చెప్పు.

మీ ఇద్దరి కోసం కిటికీ తెరిపించుకుని కూర్చున్న,
భవాని