ఏడో చెరువు చుక్క

జూన్ 3
కోట ఊరి దగ్గర రొయ్యల కంపెనీలో నా పని స్క్రీన్ చూడ్డం. లైన్‌మ్యాన్‌గా రిటైరయ్యాక కంప్యూటర్ నాకు నేనే నేర్చుకున్నాను. చెరువుకో షెడ్డు, షెడ్డులో చిన్న సర్వర్. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల రెక్కలను తిప్పేది అదే. నా స్క్రీన్ మీద చెరువుకో చుక్క. హైదరాబాద్ ఆఫీసువాళ్ళు రాసిపెట్టిన సెట్టింగే ఉంటే పచ్చ, ఎవరైనా మారిస్తే ఎరుపు. అరగంటకోసారి ప్రోగ్రామ్ వచ్చి, మారినదాన్ని మళ్ళీ మొదటిలా పెట్టేస్తుంది.

మా అత్తగారూ ఇంతే. నేను కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంటే, చెయ్యి కడుక్కొచ్చేలోగా మళ్ళీ గోడకు చేర్చేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు గాలాడలేదు.

జూన్ 9
ఫ్యూజులు ఎవరో ఎత్తుకుపోతున్నారని సూపర్‌వైజర్ పరంజ్యోతి షెడ్డు ప్యానెళ్ళకు తాళాలు వేయించాడు. తాళంచెవులు ఆయన జేబులో, ఆయన బుల్లెట్ బండి మీద ఎక్కడో. రెక్కలకు నాచు చుట్టుకుంటే, అక్కడ ఆపే వీల్లేక, కాపలా ఉండే చిన్నపోలయ్య నాకే ఫోన్ చేస్తున్నాడు. ఇక్కడినుంచి ఆపుతాను. అతను దిగి, నాచు లాగి, గట్టెక్కి, ఫోన్ చేసి నన్ను రెండు మాటలని పెట్టేస్తాడు. ప్రోగ్రామ్ వచ్చి మళ్ళీ తిప్పేసరికి పనైపోయి ఉంటుంది.

ఆపింది ఆగే ఉండేలా ఏదైనా చెయ్యమని హైదరాబాద్ ఇంజినీరు వినీలను అడిగాను. ఫిర్యాదు రాసి టికెట్ పెట్టమంది. పెట్టాను.

జూన్ 14
టికెట్ పెండింగ్.

జూన్ 17, సాయంత్రం
మధ్యాహ్నం ఏడో చెరువునుంచి ఫోన్.

“అన్నా, ఆపినావా?”

“ఆపినా. దిగు.”

“నీ మాట మీదనే దిగతా ఉండా. నాకేమన్నా అయితే మా ఎలిశబెతుకి నువ్వే చెప్పుకోవాల.”

రోజూ ఆడే పరాచికమే. ఈసారి చుట్టుకున్నది నాచు కాదు, పాత నైలాన్ వల. ఎంత కోసినా తెగలేదట. గట్టెక్కాననే ఫోన్ రాలేదు. నేనే చేశాను. గట్టు మీద చొక్కా జేబులో మోగిందట. ఇంకోసారి చేసేలోగా చుక్క పచ్చబడింది; మౌస్ పట్టుకుని మళ్ళీ ఆపేలోగా రెక్కలు తిరిగిపోయాయి.

జూన్ 18
ఎలిశబెతుకు నేనే చెప్పాను.

జూన్ 21
విచారణకొచ్చినాయన సర్వర్‌లో లోపమేమీ లేదన్నాడు. రాసిపెట్టినట్టే నడిచిందట. పరంజ్యోతి తలూపాడు. వినీల ఫోన్‌లో ఏడ్చింది.

ఆయన వెళ్ళాక ఎలిశబెతు లోపలికొచ్చి, వాళ్ళాయన కాపలా ఉన్నది ఏ చుక్కో చూపించమంది. చూపించాను. చాలాసేపు చూసింది.

“పచ్చంగానే ఉండాదే అన్నా.”

జూన్ 30
ఏడో చెరువు ఎండగట్టారు. నీళ్ళు లేవు. రెక్కలు తిరుగుతున్నాయి.

ఆపాను. ఎర్రబడింది. పచ్చబడింది.

ఆపాను.