ఇరవై నాలుగు నిమిషాల ఆట

సోమవారం, ఉదయం 9:10
శపథం! కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా అది కంపైలై, టెస్టులన్నీ పూర్తవడానికి, అంటే ఒక్క బిల్డ్‌కి, ఇరవై నాలుగు నిమిషాలు పడుతోంది. శుక్రవారానికల్లా రెండు నిమిషాలకు దించుతాను. ఎలాగూ ఇంట్లోంచే పని. ఐదింటికల్లా లాప్‌టాప్ మూసేసి పాపతో తీరిగ్గా చదరంగం ఆడొచ్చు. బడికి సెలవులిచ్చినా, బిల్డ్ నడిచే ఆ కాసేపే దానికి దొరుకుతున్నాను.
మా ఆవిడకు చెప్పాను. "పోయిన నెల రోజూ పరుగెడతానన్నారుగా. బూట్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి" అంది. పట్టించుకోలేదు.

మంగళవారం
టెస్టులను నాలుగు జట్లు చేసి ఒకేసారి నడిపించాను. పదకొండు నిమిషాలు! ఆట సగంలో ఉండగానే బిల్డ్ అయిపోయింది. "ఇంకొక్క ఎత్తు నాన్నా" అంది పాప. సాయంత్రం ఆడదామన్నాను.
ఆడలేదు. త్వరగా అవుతోంది కదా అని మా టీమ్ లీడ్ ఇంకో రెండు పనులు నా నెత్తిన పెట్టాడు.

బుధవారం, 3:40
ఒక నిమిషం యాభై సెకన్లు! నమ్మకం కుదరక రెండుసార్లు చూసుకున్నాను. టీమ్ గ్రూపులో ఫొటో పెట్టాను. లీడ్ మూడు చప్పట్ల బొమ్మలు పంపాడు, వెనకే నాలుగు పనులు.
పాప పావులు సర్దేలోపే బిల్డ్ అయిపోయింది. బోర్డు అలాగే వదిలేసి వెళ్లింది.

గురువారం
టెస్టింగ్ మేడమ్ ఫోన్. "వేగం బాగుందండీ. కానీ నిన్నట్నుంచి ఒక్క టెస్టూ నడవలేదు. చూశారా?"
చూడలేదు. మారని భాగాల టెస్టులు వదిలేయమని నిన్న బిల్డ్‌లో రాశాను. అసలేదీ మారలేదనుకుని అది అన్నీ వదిలేసింది. లాగిన్ పేజీలో బటన్ మాయమై ఒక రోజు దాటిందట.
తప్పు పూర్తిగా నాది కాదు:
1. అంతా సరిగ్గా ఉందని బిల్డ్ పక్కన పచ్చ టిక్కు వచ్చింది.
2. లీడ్ చప్పట్లు కొట్టాడు.
3. మూడోది ఆలోచిస్తున్నాను.

శుక్రవారం
అన్నీ వెనక్కి మార్చాను. ఇరవై ఆరు నిమిషాలు. ఆ పై రెండు నిమిషాలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు.
పాప తలుపు దగ్గర నుంచి తొంగి చూసింది. "ఎంతసేపు?" చెప్పాను. పరుగున బోర్డు తెచ్చింది. పది ఎత్తుల్లో నా మంత్రిని ఎగరేసుకుపోయి పకపకా నవ్వింది. ఈ నవ్వు విని నాలుగు రోజులైంది. దానికోసమే అనుకుంటూ దానికే దొరకకుండా పోయాను. సిగ్గేసింది.

సోమవారం, ఉదయం 9:05
మళ్లీ శపథం. రెండు నిమిషాలే. ఈసారి టెస్టులు నడుస్తున్నాయో లేదో కూడా చూస్తాను.
పాప ఒక షరతు పెట్టింది. కాగితం మీద రాసి స్క్రీను అంచున అంటించింది: "ఆట మధ్యలో ఉంటే బిల్డే ఆగాలి." సంతకం పెట్టాను.

9:50
బిల్డ్ ఎప్పుడో అయిపోయింది. మా ఆట అయ్యేదాకా ఆగి ఉంది. ఎత్తు నాది.